నీలిబాన వారి చిరునామాలు

మన ఇంటిపేరున్న మనిషి ఎవరు పోయినా పాడె కింద మనవాళ్ళ భుజాలే ఉండాలని, పదకొండో రోజుకు ప్రతి గడప నుంచీ ఒక్కరైనా రావాలని మా చిన్నాయనకు ఒకప్పుడు మాటిచ్చాం. మొట్టమొదటి చావుకే ఆ మాట తప్పాం. ఎలా తప్పామో ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళు గడిపాం. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున చిన్నాయన పోయారు. ఎనభై తొమ్మిదేళ్ళు. మన్సూరాబాద్‌లో సొంత ఇంట్లోనే, చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, గోడకు ఒరిగారట.

నాకు ఆ కబురు ఫోన్‌లో, బంధువుల గ్రూపులో వచ్చింది. దాని కింద వరసగా దండం పెడుతున్న చేతుల బొమ్మలు. ఒక్కరు కూడా ఒక వాక్యం రాయలేదు. చిన్నాయన చూసి ఉంటే ఊరుకునేవారు కాదు. "చావు కబురు ఫోన్ల చెప్పొద్దు రా. అవతలోడు నిలవడ్డడో కూసున్నడో మనకెట్ల ఎరుక? కార్డయితే కూసొని చదువుకుంటడు" అనేవారు.

ఇది మన ఇంటిపేరు వాళ్ళ కోసం రాస్తున్నాను. మిగిలినవాళ్ళు చదివినా నాకు అభ్యంతరం లేదు. నీలిబాన అనే ఇంటిపేరు మీలో చాలామంది విని ఉండరు. వినకపోవడం మీ తప్పు కాదు. చిన్నాయన నలభై ఏళ్ళు వెతికితే తొంభై గడపలకు మించి దొరకలేదు. పాత ఫోన్ డైరెక్టరీలో ఈ పేరు ఒక్కచోటే ఉండేది. అది మా ఇల్లే.

చిన్నాయనది తపాలా ఉద్యోగం. రైలు పెట్టెలో నిలబడి ఉత్తరాలు ఊళ్ళవారీగా వేరుచేసే పని. రైలు కుదుపుకు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడడం అలవాటై, పెళ్ళిపందిట్లో కూడా అలాగే నిలబడేవారు. తిండి కూడా నిలబడే. ఇంకో అలవాటు, చిరునామాను కింది నుంచి పైకి చదవడం. ఎవరైనా కొత్త మనిషి పరిచయమైతే ముందు జిల్లా అడిగేవారు, తర్వాత ఊరు, తర్వాత వీధి. పేరు అన్నిటికన్నా చివర. అది మర్యాద కాదని నేను అంటే "పేరుతోటి ఉత్తరం పోదు రా, ఊరుతోటి పోతది" అన్నారు.

ఒకరోజు ఆయన చేతిలోకి వచ్చిన ఒక కవరు మీద నీలిబాన అని ఉంది. మాకు తెలియని మనిషి, షోలాపూర్ చిరునామా. "ఉత్తరం నాది కాదు, ముట్టుకోలె. అడ్రసు మాత్రం నోటికొచ్చేసింది" అని చెప్పారు. దిగాక ఆ చిరునామాకు ఒక కార్డు రాశారు. జవాబు వచ్చింది. అక్కడి నుంచి మొదలు.

ఇంట్లో వెదురు, చెక్కతో ఒక అల్మారా కట్టించుకున్నారు, రైల్లో ఉండేలాంటిదే, అరచేతి వెడల్పు గూళ్ళతో. గూటికి ఒక ఊరు. పోచంపల్లి చుట్టుపక్కల నేత ఊళ్ళకు పన్నెండో పదమూడో గూళ్ళు, చౌటుప్పల్‌కు ఒకటి. మగ్గాలు వదిలి మిల్లులకు పోయినవాళ్ళకు షోలాపూర్, భివండి, సూరత్. ఏ ఇంట్లో పుట్టినా చచ్చినా కార్డు మారేది. నేను చూస్తుండగానే ఊళ్ళ గూళ్ళు ఖాళీ అయ్యాయి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ గూళ్ళు కార్డులు పట్టక పగిలిపోయేలా తయారయ్యాయి. ఊళ్ళు ఖాళీ అవుతున్న సంగతి తర్వాత నేను చాలా పుస్తకాల్లో చదివాను. అవి రాసినవాళ్ళలో ఎవరూ ఆ అల్మారా ముందు నిలబడి ఉండరు.

ఇంటిపేరు ఎలా వచ్చిందన్నది వేరే గొడవ. మా అన్నకు అది రాజులిచ్చిన బిరుదు కావాలి. ఎవరో రాజుగారికి నీలి పట్టు నేసి ఇచ్చామని, ఆయన మెచ్చి పేరు పెట్టాడని చెప్పేవాడు. ఎక్కడ చదివావని అడిగితే "అన్నీ పుస్తకాలల్ల ఉంటయా?" అనేవాడు. గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసినవాణ్ణి, నాకు అది తగలాల్సిన చోటే తగిలేది. నేను నా వంతుగా నీలిబాన అనే ఊరు ఒకప్పుడు ఉండి పోయిందని వాదించేవాణ్ణి. నా దగ్గరా ఆధారం లేదు. చదువుకున్నవాణ్ణి కాబట్టి నా అబద్ధం కొంచెం పొడుగ్గా ఉండేది, అంతే తేడా.

చిన్నాయన వాదించలేదు. పోచంపల్లి అవతల ఒక ఊళ్ళో తొంభై దాటిన ముసలమ్మ ఉందంటే స్కూటర్ మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని పోయారు.

"ఇంటిపేరు ఎట్లొచ్చింది అవ్వా?" అని అడిగారు.

"ఎట్లొచ్చుడేంది కొడుకా? బాన ఉండె. అండ్ల నీలి కలుపుతుండిరి. చేతులు ముంచిండ్రు. ముంచినోడల్లా నీలిబానోడే."

"అందరు ఒక్క తండ్రి పిల్లలేనా?"

"నాకేమెరుక? చేతులు నీలిగున్నయా లేదా చూస్తుండిరి గని తండ్రెవ్వడని ఎవ్వడు చూసిండు?"

పక్కనే ఉన్న అవ్వ కోడలు నవ్వు ఆపుకోలేక చెంగు అడ్డం పెట్టుకుంది. తగిరిస అనే మొక్క గింజలు ఉడకబెట్టి, సున్నం కలిపి, రోజుల తరబడి పులియబెడితేనే నీలి పట్టేదని అవ్వ చెప్పింది. ఆ పులుపు చెడితే బాన చచ్చినట్టే. అందుకని ఎవరి ఇంట్లో వాళ్ళు కాక ఊరందరికీ ఒకే బాన. ఆ బానలో పనిచేసేవాళ్ళల్లో ఎవరు పోయినా దాని మీద మూత పెట్టేవారు. పదకొండు రోజులు ఎవరూ చెయ్యి ముంచకూడదు.

"అందరు మైల పట్టేవాళ్ళా అవ్వా? సుట్టాలు కానోళ్ళు గూడ?"

"అందరి పని బందయితుండె గదా. పని బందయినంక ఏడువరా మరి?"

చిన్నాయన వచ్చే దారి పొడుగునా ఆ మాట తలుచుకుని నవ్వారు. చౌటుప్పల్ దగ్గర చెరుకురసం తాగుతూ "రక్తం లేదు, రాజు లేడు. ఒక్క పని చేసిండ్రు, ఒక్క పేరయ్యిండ్రు. నీ పుస్తకాలల్ల ఉన్నదా రా గిది?" అన్నారు. లేదు. ఇప్పటికీ లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో ఒక అపార్ట్‌మెంటు కింద పేర్ల బోర్డు మీద ఆయన కళ్ళు ఆగాయి. మూడో అంతస్తు. నేనూ పక్కనే ఉన్నాను. గంట కొడితే కళ్ళద్దాల పెద్దమనిషి తలుపు తీశారు.

"మీ జిల్లా ఏందండి?"

"నా జిల్లా మీకెందుకండీ?"

"ఊరు?"

"చీరాల పక్కన. ఏవండీ, జనాభా లెక్కలా? మొన్ననే రాసుకెళ్ళారు."

"కాదండి. మీ ఇంటిపేరూ మా ఇంటిపేరూ ఒక్కటే."

ఆయన రిటైరైన బడి మాస్టారు. మగపిల్లలు లేరు, ఒక్క కూతురు. కూతురి ఉద్యోగం ఇక్కడని వచ్చి స్థిరపడ్డారు. మేం చీరాల మాస్టారు అనేవాళ్ళం. చిన్నాయన బాన సంగతి ఏమీ చెప్పకుండా, మీ ఇళ్ళల్లో ఎవరైనా పోతే ఏం చేస్తారని మాత్రం అడిగారు. మాస్టారి భార్య వంటింటి గుమ్మంలో నుంచి చెప్పారు.

"మా అత్తగారి కాలం నుంచీ మంచినీళ్ళ బాన మీద మూత పెట్టేస్తామండి. పదకొండు రోజులు పక్కింటి నీళ్ళే. ఎందుకో నాకు తెలీదు. మా తోడికోళ్ళ పుట్టిళ్ళల్లో ఎక్కడా లేదు ఈ చాదస్తం."

"ఇప్పుడు ఫిల్టర్ పెట్టించాం కదండీ, దేనికి మూత పెట్టాలో తెలీక చావడమే మానేశాం" అన్నారు మాస్టారు.

చిన్నాయన నవ్వలేదు. ఆమె వైపు తిరిగి, "జర మంచినీళ్ళిస్తరా వదినె" అన్నారు. ఆమె ఆ పిలుపుకు ఆశ్చర్యపోయి లోపలికి వెళ్ళారు. మెట్ల మధ్యలో ఆగి, "దొరికిండ్రు రా" అన్నారు, అంతే. ఆ వారంలో అల్మారాకు కింద ఇంకో వరస కలిపారు. చీరాల, దాని చుట్టుపక్కల మరో నాలుగైదు గూళ్ళు. బాన ఏ వాగు ఒడ్డున ఉండేదో, ఎవరు అటు పోయారో, ఎవరు ఇటు వచ్చారో ఆయనకు చివరిదాకా తెలియలేదు. తెలియలేదనే చెప్పేవారు.

ఒక ఎండాకాలం ఆదివారం తన డాబా మీద షామియానా వేసి అందరినీ పిలిచారు. అరవై మంది దాకా వచ్చారు. ఆయన అందరినీ పిన్‌కోడ్ వరసలో కూర్చోబెట్టారు. అక్కడ మాస్టారు లేచి, "నాకు మగపిల్లలు లేరండీ. మా అమ్మాయి కొరివి పెడుతుంది, దానికి ధైర్యం ఉంది. మోసే నలుగురూ మనవాళ్ళయితే చాలు. ఊరుకాని ఊరు కదా" అన్నారు. మా అన్న కూర్చున్నచోటు నుంచే చెయ్యెత్తాడు. "నాలుగు భుజాలు నేను తెస్తా మాస్టారూ. ముందు భుజం నాది." చప్పట్లు కొట్టాం. నేనూ, మా పెదనాయన కొడుకులైన తమ్ముళ్ళిద్దరూ లేచి నిలబడ్డాం. ఆ నలుగురం అలా ఖాయమయ్యాం. ఎవరు పోయినా పదకొండో రోజుకు ప్రతి గడపా రావాలన్న మాట కూడా ఆ రోజే అందరూ ఇచ్చారు.

ఉద్యమం వచ్చింది. ఒక సంగతి చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసాన్ని ఇంకోలా వాడుకునేవాళ్ళు ఉంటారు. రాష్ట్రం కావాలని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. చిన్నాయన మాకంటే ముందు అనుకున్నారు. అరవై తొమ్మిదిలో లాఠీ తగిలి ఆయన ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపడానికి వచ్చేది కాదు. నిరసనగా రోడ్ల మీద వంటలు చేసిన రోజు ఆయనే ఇంటి నుంచి వంటకు పెద్ద గంజు మోసుకొచ్చారు. కానీ మా అన్న కాలనీ కమిటీకి పెద్ద అయి, ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు వేయించాక, ఒకరోజు అల్మారా ముందు నిలబడి, "చిన్నాయనా, గా కింది వరస తీసెయ్. మనది మన మట్టి ఇంటిపేరు. పుస్తకం నేను అచ్చేయిస్తా" అన్నాడు.

"రాష్ట్రం వేరు బిడ్డా, మైల వేరు" అన్నారు చిన్నాయన. కింది వరస అలాగే ఉంచారు.

సమ్మె జరుగుతున్న రోజుల్లోనే చిన్నాయన స్కూటర్ మీద నుంచి పడి కాలు విరిగింది. పిండికట్టుతో మంచంలో ఉండగా చీరాల మాస్టారు గుండె ఆగి పోయారు. చిన్నాయన నాకు ఫోన్ చేశారు. తన నియమం తనే తప్పి ఫోన్‌లో చెప్పారు, కార్డు రాసే వ్యవధి లేదు కదా. "మీరు నలుగురు జల్ది పోండి" అన్నారు.

నేను టెంటుకు వెళ్ళి మా అన్నను పిలిచాను. ఆయన పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "ఇయ్యాల పోయి గా పాడె మోస్తే రేపు ఈ టెంటుల నన్ను కూసోనిస్తరా? నిన్ను కూసోనిస్తరా?" నేను ఏమన్నానో గుర్తుంటే బాగుండేది. ఏమీ అనలేదు కాబట్టే గుర్తులేదు. మిగిలిన ఇద్దరూ మేం పోతే వద్దామని చూసి, మేం పోకపోతే ఊరుకున్నారు. మాస్టారిని వాచ్‌మన్, పాలాయన, పై అంతస్తులో కిరాయికి ఉండే ఇద్దరు మోశారు. చిన్నాయన ఏడ్చారు గానీ మమ్మల్ని తిట్టలేదు. తొంభై గడపలకూ పదకొండో రోజుకు రమ్మని మంచంలో పడుకునే రెండు రోజుల్లో కార్డులు రాశారు. కట్ట నా చేతిలో పెట్టి, "నువ్వే డబ్బల ఎయ్యాలె" అన్నారు. పోస్టు డబ్బాకు పోయే దారిలోనే టెంటు.

"ఏంది రా గా కట్ట?" అన్నాడు మా అన్న. లాక్కుని పై కార్డు చదివాడు. మన బానలో చెయ్యి ముంచిన మనిషి, చీరాల మాస్టారు కాలం చేశారు, పదకొండో రోజుకు దిల్‌సుఖ్‌నగర్ రాగలరు అని ఉంది. పక్కన కూర్చున్న ఒకాయన తొంగి చూసి, "ఏందన్నా, నీ పాలోడు అటోడా? చెప్పనే లేదు" అన్నాడు. పాలోడంటే దాయాది. టెంటంతా నవ్వింది. అది పెద్ద నవ్వు కూడా కాదు. ఎండలో కూర్చున్నవాళ్ళు తోచక నవ్వే నవ్వు. మా అన్న ముఖం నల్లబడింది. చావు కార్డు ఇంట్లో ఉంచుకోరు, చదవగానే చింపేస్తారు, మీకు తెలిసిందే.

"చావు కార్డు చదివినంక చింపుడే గదా పద్ధతి" అన్నాడు. "చదివిన. చింపుతున్న."

ఒకటి కాదు, పేకముక్కల్లా నాలుగేసి కలిపి మొత్తం కట్ట చింపాడు. ఈసారి నవ్వు గట్టిగా వచ్చింది. ఎవరో నాకు చాయ్ ఇచ్చారు. తాగాను.

"ఏసినవా?" అని అడిగారు చిన్నాయన.

"ఏసిన" అన్నాను.

పదకొండో రోజుకు నేను పోలేదు. ఏం జరిగిందో నాకు మొన్నటిదాకా తెలియదు. చిన్నాయన పోయిన మూడో రోజు మాస్టారి భార్య కూతురి చెయ్యి పట్టుకుని వచ్చారు. నా పక్కన కుర్చీలో కూర్చుని చెప్పారు.

"ఆ రోజు మీ చిన్నాయనగారు కాలుకి కట్టుతోనే ఆటోలో వచ్చారు బాబూ. పొద్దున్నే వచ్చారు. నూట యాభై మందికి వండించమన్నారు, వండించాం. వీధిలో ఏ ఆటో ఆగినా గుమ్మం వైపు చూసేవారు. 'వస్తరు వదినె, బస్సులు లేవు గదా, లేటయితది' అంటూనే ఉన్నారు. సాయంత్రం నాలుగింటికి ఆయనొక్కరికే విస్తరి వేశాను. తినలేదు. అన్నం పక్క వీధిలో హాస్టల్ పిల్లలకి పంపించేశాం."

నేను చెప్పాల్సింది అప్పుడే. ఆమె ముఖం మీదే చెప్పాల్సింది. మంచినీళ్ళు తెస్తానని లేచి పోయాను.

ఆ తర్వాత చిన్నాయన ఎవరికీ కార్డు రాయలేదు. తొంభై గడపలకూ కబురు అందిందని, చీరాల మనిషని తెలిసి ఒక్క గడపా రాలేదని నమ్మారు. ఒక్కరినైనా అడిగి ఉంటే నా అబద్ధం బయటపడేది. ఏ పెళ్ళిలో మనవాళ్ళు కనబడినా అడుగుతారేమోనని నేను ఆయన పక్క నుంచి కదిలేవాణ్ణి కాదు. అడగలేదు. "పిలిస్తే రానోణ్ణి ఎందుకు రాలేదని అడుగుడు మంచిగుండదు రా. వాడు ఇంకో అబద్ధం ఆడాలె" అన్నారు ఒకసారి, నా వైపు చూడకుండా. అల్మారాను వరండాలోకి గెంటేశారు. మనవలు గూళ్ళల్లో చెప్పులు పెట్టుకున్నారు. పోచంపల్లి గూట్లో హవాయి చెప్పులు, భివండి గూట్లో స్కూలు బూట్లు. ఆయన చూస్తూ కూర్చునేవారు.

చివరిసారి దవాఖానలో ఉన్నప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ పదకొండో రోజు సంగతి ఆయనే ఎత్తారు. "వాళ్ళ తప్పేం లేదు. గా దినాలే అట్ల ఉండె. భయపడ్డరు. తొంభై ఇండ్లు భయపడ్డయంటే దినాలు ఎంత చెడ్డయో చూడు." రాని తొంభై ఇళ్ళ తరఫున ఆయనే సాకు వెతికి పెడుతున్నారు. నా నోటి దాకా వచ్చింది. అప్పుడే మా అన్న పళ్ళ సంచితో లోపలికి వచ్చాడు. నేను మింగేశాను. అబద్ధం నాదే, దానికి ఎవరినీ అడ్డం పెట్టుకోను. ఆయన పోయేదాకా మోశాను కాబట్టి ఇక ఆయనకు చెప్పే దారి లేదు, మీకు చెబుతున్నాను. మీకు కార్డు రాలేదు. మీరెవరూ రాననలేదు.

చిన్నాయన పదకొండో రోజు సాగర్ రోడ్డు మీద ఫంక్షన్ హాల్లో పెట్టారు. బడంగ్‌పేట్, పెద్ద అంబర్‌పేట్, చౌటుప్పల్ నుంచి మనవాళ్ళు కార్లు వేసుకుని వచ్చారు. హాలు పట్టలేదు. ఆ జనాన్ని ఆయన చూడాల్సింది. షోలాపూర్ నుంచి వచ్చిన ముసలాయన, మొదటి కార్డు అందుకున్నది ఆయనే, నన్ను పక్కకు పిలిచాడు.

"పన్నెండు పదమూడేండ్ల నుంచి మీ చిన్నాయన మాకు కార్డు రాసుడు బందు పెట్టిండు. మేమేం తప్పు చేసినం?"

"వయసు మీద పడ్డది" అన్నాను. ఆ రాత్రి కాదు, ఆ క్షణంలోనే ఇది రాయాలనుకున్నాను.

మా అన్న మైకు పట్టుకుని అరగంట మాట్లాడాడు. రాజు, పట్టు, బిరుదు, మట్టి, అన్నీ వచ్చాయి. చిన్నాయన జీవితమంతా ఇంటిపేరు కోసం ధారపోశాడని, అలాంటి మనిషిని మనం సరిగా చూసుకోలేదని అన్నప్పుడు తువ్వాలు కళ్ళకు అద్దుకున్నాడు. అది నటన కాదు, కార్డులు చింపిన సంగతి ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. నన్ను కాల్చేది అదే. నేను ఒక్క రోజు మర్చిపోలేదు.

భోజనాలయ్యాక ఆయన గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎనభై రెండేళ్ళు, తెల్ల లాల్చీ, ఒళ్ళో మడిచిన తువ్వాలు. చిన్నాయన తర్వాత మన ఇంటిపేరుకు పెద్ద ఆయనే. వెళ్ళేవాళ్ళు ఒక్కొక్కరూ చెప్పులు పక్కకు విడిచి, వంగి, ఆయన కాళ్ళకు మొక్కి వెళ్తున్నారు. పిల్లలను ముందుకు తోసి మొక్కిస్తున్నారు. షోలాపూర్ ముసలాయన మోకాళ్ళ నొప్పితో వంగలేక గోడ పట్టుకుని మరీ వంగాడు. ఆయన తల మీద చెయ్యి పెట్టి దీవించిన ఆ మనిషినే నేను ఇవాళ్టికీ క్షమించలేదు. మా అన్నను.